పాముకి తిండి పెట్టే రోజు

గంట మోగింది. ద్రహోమీర లేవలేదు. మళ్ళీ మోగింది.

తలుపు తీస్తే ఎవరో పెద్దాయన. చేతిలో మూత బిగించిన డబ్బా. నాలుగంతస్తులు ఎక్కాడేమో, నుదుటినిండా చెమట.

“ఇవాళ పాముకి తిండి పెట్టే రోజండీ.”

“ఎవరు చెప్పారు మీకు?”

“పాములు పెంచేవాళ్ళ క్లబ్బు నుంచి వచ్చాను. నా పేరు కుబీచెక్. మీ రాడెక్…” ఆగిపోయాడు. “ఇందులో గడ్డకట్టించిన ఎలుక ఉంది. మంచు కరిగిపోతోంది. లోపలికి రావచ్చా?”

గుమ్మంలోనే బూట్లు విప్పి, ఒద్దికగా పక్కన పెట్టాడు.

రాడెక్ పోయి వసంతం వెళ్ళింది, వేసవి వచ్చింది. వాడి గదిలో మిగిలింది ఒక గాజుపెట్టె, అందులో చిన్నజాతి కొండచిలువ. ముద్దలా చుట్టుకుని పడుకుంటుందని దానికి క్నెడ్లిక్ అని, మాంసం పులుసులో అద్దుకు తినే పిండిముద్ద పేరు పెట్టాడు. ఎప్పుడెప్పుడు తిండి పెట్టాలో తల్లికి చెప్పలేదు. కుర్రవాడు. చెప్పాల్సి వస్తుందని అనుకోలేదు.

“మీరు వంటింట్లో ఉండండి. మనుషులు చూస్తుంటే తినదు,” అన్నాడు కుబీచెక్.

కాసేపటికి పాలిపోయిన మొహంతో వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

“వేడిగా కాస్త సూప్ ఏమైనా ఉందా అండీ?”

“ఈ మధ్య పొయ్యి వెలిగించడం లేదు.”

“బంగాళాదుంపలు ఉన్నాయిగా. చెక్కు నేను తీస్తాను.”

సూప్ అయ్యింది. ఆయన చెంచా కింద పెట్టేశాడు.

“ఒక్కడినే తినడం నాకు చేతకాదు. మీరూ పోసుకోండి.”

పోసుకుంది. ఎంతకాలానికో నాలుకకి ఉప్పు తెలిసింది.

“మళ్ళీ ఎప్పుడు పెట్టాలి దానికి?”

ఆయన గిన్నెలోకి చూస్తూ, “వచ్చే గురువారం,” అన్నాడు.

“వారం వారమా?”

“వారం వారమేనండీ.”

అలా గురువారాలు మొదలయ్యాయి. చాలాసార్లు, “ఈ వారం దానికి ఆకలి లేదండీ, నీళ్ళు మార్చాను,” అని డబ్బా వెనక్కి పట్టుకుపోయేవాడు. సూప్ మాత్రం ఎప్పుడూ మిగిల్చేవాడు కాదు.

“ఇందులో వాసనకి వేసే మరువం తక్కువైంది.”

“వంక పెట్టకుండా తినలేరా?”

“తినగలను. అప్పుడు మీరు మాట్లాడరుగా!”

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వినందుకు రాడెక్ గది వైపు చూసి మూతి తుడుచుకుంది.

బుధవారం నుంచే చెవులు మెట్ల మీద ఉండేవి. రాడెక్ రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కేవాడు. ఈయన అంతస్తుకోసారి ఆగి ఆయాసపడేవాడు. ఇవి ఆ అడుగులు కావు. అయినా గుండె లేచి నిలబడేది.

ఆదివారాలు శ్మశానానికి వెళ్ళేది. మొదట్లో కొడుకు సమాధి ముందు గట్టిగానే మాట్లాడేది. “నీ పాము తిండి సంగతి చెప్పకుండానే పోయావురా. నాకూ ముద్ద దిగడం లేదు.” పక్క సమాధి దగ్గర ఎవరో వంగి రాతి మీద నాచు గీకుతుండేవారు. ఆమె తలెత్తి చూసింది లేదు. ఈ మధ్య ఆ మనిషీ కనపడటం లేదు.

ఆకులు రాలే రోజులొచ్చాయి. పాము వరసగా తినడం లేదని భయపడి, దిండుగలీబులో వేసుకుని పశువుల డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళింది.

“వారం వారమా! ఎవరమ్మా మీకు చెప్పింది?” నవ్వాడు డాక్టరు. “ఇంత ఎదిగినదానికి నెలకోసారి చాలు. నిక్షేపంలా ఉంది.”

ఆ గురువారం ఆమె పొయ్యి వెలిగించలేదు.

“నెలకోసారి చాలట! పాములవాళ్ళ క్లబ్బులో మీకు ఆపాటి తెలీదా?”

కుబీచెక్ డబ్బాను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

“నా కొడుకు పేరు చెప్పి సూప్ తాగిపోదామని వచ్చారా?”

“పోనీ, నెలకోసారే వస్తానండీ.”

“అక్కర్లేదు. నా పాము, నేను పెట్టుకుంటాను.”

ఆయన బూట్ల తాళ్ళు కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

మరుసటి గురువారం మెట్ల మీద ఎవరూ ఆగలేదు. ఆ తరువాతి గురువారం ఆమె సూప్ కాచి, మరువం నిండుగా నలిపి వేసి, చల్లారిపోయేదాకా చూసి తొట్టిలో పారబోసింది. క్నెడ్లిక్ ఎలుకను మింగి ముద్దలా పడుకుంది. అది బాగానే ఉంది.

ఇక ఉండలేక క్లబ్బు వెతుక్కుంటూ వెళ్ళింది.

“కుబీచెకా? ఆ పేరుతో మాకు సభ్యులెవరూ లేరే,” అన్నాడు అక్కడి కార్యదర్శి. “ఆఁ… ఒక ముసలాయన వచ్చాడు ఎండాకాలంలో. గుమ్మం దాటలేదండీ. పామంటే ప్రాణాలు పోతాయి ఆయనకి! బయటే నిలబడి చెమటలు కక్కుతూ, కొండచిలువకి ఎన్నాళ్ళకోసారి పెట్టాలని అడిగాడు. నెలకోసారి అన్నాను. ‘నెల చాలా ఎక్కువండీ, పాము ఆగుతుందిగానీ ఆవిడ ఆగలేరు’ అన్నాడు. ఎవరావిడ అంటే చెప్పలేదు.”

ద్రహోమీర సంచిలోంచి కాగితం, పెన్సిలు తీసింది.

“ఆయన ఇల్లెక్కడో తెలుసా?”

“తెలీదమ్మా.”

పోయినవాళ్ళకు దీపాలు పెట్టే రోజు వచ్చింది. శ్మశానమంతా వెలుగు. రాడెక్ దగ్గర దీపం పెట్టి, “ఆయన ఎక్కడుంటాడురా? నీకేమైనా తెలుసా?” అని అడిగింది గట్టిగా.

అలవాటుగా పక్కన గీకుడు చప్పుడు వస్తుందనుకుంది. రాలేదు. ఎన్నడూ లేనిది అటు తల తిప్పింది.

నాచు మళ్ళీ పట్టిన ఆ రాతి మీద, ఎవరో ఆడమనిషి పేరు కింద కొత్తగా చెక్కిన అక్షరాలు మెరుస్తున్నాయి. పక్కన గుండ్రటి పింగాణీ బిళ్ళ మీది ఫొటోలోంచి, వంక పెట్టబోతున్నట్టుగా, కుబీచెక్ ఆమెనే చూస్తున్నాడు.