ఆనపబుర్రలో అంబలి

"ఆ బుర్ర అవతల పెట్టవోయ్. నా సొక్కా మీద ఒలికిపోతాది."

అరకు సంతకి వెళ్తున్న జీపులో సన్యాసిరావు విసుక్కున్నాడు.

పక్కనున్న గిరిజన ముసలాయన ఆనపబుర్రను ఒళ్లోకి లాక్కుని రెండు చేతులా చుట్టుకున్నాడు.

"ఒలకదు బాబూ. చోడంబలి. మూత గట్టిగా కట్టినాను."

సన్యాసిరావుది మైదానం. ఇరవై ఏళ్లుగా కొండమీద మిరియాలు కొంటున్నాడు. గుప్పెట్లోకి తీసుకుంటే చాలు, తాలు గింజేదో గట్టి గింజేదో చెప్పేస్తాడు. మనుషుల్నీ అలాగే చెప్పగలనని నమ్మకం.

ఘాట్‌లో మూడో మలుపు దగ్గర జీపు బోల్తా పడింది.

దగ్గర్లోని ఆస్పత్రిలో ఆ పూట డాక్టరు లేడు. ఉన్నది నర్సు రత్న, వార్డుబాయ్ మల్లేశు, ఒక్క ఆక్సిజన్ సిలిండరు. వచ్చినవాళ్లు పదకొండుమంది.

రత్న ముందుగా ముసలాయన దగ్గర ఆగింది. ఛాతీ నలిగిపోయింది. మెడ మీద వేళ్లు పెట్టి చూసింది. కనురెప్పలెత్తి చూసింది.

పక్క బల్ల మీద ఎనిమిదేళ్ల పిల్ల. పెదవులు నీలంగా మారుతున్నాయి.

"సిలిండరు గుంటకి పెట్టు."

"సిస్టరుగారూ, మరి ఈయనకి..." మల్లేశు ముసలాయన వైపు చూశాడు.

"గుంటకి పెట్టమన్నాను. బేగి."

విరిగిన ఎడమచెయ్యి పట్టుకుని గోడవార కూర్చున్న సన్యాసిరావుకి ఒళ్లు మండింది.

"ఏటమ్మా, ముసలోడికి ఇంకా ఊపిరుంది కదా! వొగ్గేత్తావేటి?"

"ఉంది. నిలవదు. ఈ పిల్లకి నిలుస్తాది."

"ఆ గుంట నీకేటవుతాది? సుట్టమా?"

"కాదు."

"మరి నా సెయ్యి సంగతి? ఇరిగి గంటయింది!"

"అరవగలుగుతున్నారు కదా బాబూ. మీ వంతు ఆఖరు."

ఆమె ఒకరికి తల కుట్టింది. ఇంకొకరి తొడకి కట్టు కట్టి రక్తం ఆపింది. మధ్యలో ముసలాయన పోయాడు. వచ్చి కళ్లు మూసి, దుప్పటి ముఖం మీదికి లాగి, మళ్లీ పిల్ల దగ్గరికి వెళ్లిపోయింది.

కంట చుక్క లేదు. సన్యాసిరావు గమనించాడు.

మూడింటికి అతని చేతికి బద్దలు కట్టింది. తర్వాత వరండాలో నేల మీద కూలబడింది. అంత ప్రమాదంలోనూ పగలక ముసలాయనతోపాటే వచ్చిన ఆనపబుర్రని తీసుకుని మూత విప్పింది. ఆగకుండా, చుక్క మిగల్చకుండా తాగింది. నోరు కడుక్కుని లేచింది. విశాఖ పంపాల్సినవాళ్లు ఇంకా నలుగురున్నారు.

'సచ్చినోడి అంబలి కూడా వొగ్గలేదు' అనుకున్నాడు సన్యాసిరావు. తాలు గింజ అని తేల్చేశాడు.

మర్నాడే ఆమె మీద పై అధికారికి కాగితం రాశాడు.

ఆరు వారాలకి కట్టు విప్పించుకోవడానికి మల్లేశు దగ్గరికి వచ్చాడు.

"ఆ సిస్టరేదిరా?"

"చింతూరు మార్చేసారండి. ఎవులో కాయితం రాసారంట. ఆ దినం పదిమందిని నిలబెట్టింది. అది రాయలేదంట."

"రాయరేటి మరి? సచ్చినోడి అంబలి తాగింది. నా కళ్లారా సూసినాను."

మల్లేశు చేతిలో కత్తెర ఆగింది.

"తాగకేటి సేత్తాదండీ? పెతీ సంతకీ కూతురు కోసమని ఆ బుర్ర ఆరు మైళ్లు మోసుకొచ్చి జీపెక్కేవోడు, ఆయమ్మ అయ్య."