ముద్దులకు ముద్దులు

స్వైన్‌ఫ్లూ రోజులు. పెనుకొండ ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇచ్చిన మాస్కును నాగరత్న బస్సు కిటికీలోంచి పారేసింది. ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. అయినా ధర్మవరంలోని ఆడబిడ్డ ఓబుళమ్మ ఇంటికి, కొత్తగా పుట్టిన ఆమె మనవణ్ణి చూడ్డానికి బయల్దేరింది.

నిరుడు నాగరత్న చంటిబిడ్డను చూడ్డానికి ఓబుళమ్మ దగ్గుతూ వచ్చింది. "మూతికి కొంగు అడ్డం పెట్టుకో వదినా" అంటే, "నేనేమన్నా పరాయిదాన్నా?" అని నవ్వి, బిడ్డ ముఖమంతా ముద్దులు పెట్టింది. వారం తిరక్కుండానే బిడ్డకు ఊపిరి అందక ప్రాణం పోయింది.

ఆ ముద్దులన్నీ ఈరోజు తిరిగిచ్చేయాలి. దారి పొడవునా నాగరత్నకు అదొక్కటే ధ్యాస. దగ్గును గొంతులోనే అదిమిపెట్టి ఇంట్లో అడుగుపెట్టింది.

"బిడ్డను ఎత్తుకుంటా వదినా."

ఓబుళమ్మ కాదనలేదు. సబ్బుతో చేతులు కడిగించి, ఉతికిన గుడ్డ ఒకటి ఇచ్చింది. "మూతికి కట్టుకొని ఎత్తుకో. ఈడ ఎవరొచ్చినా ఇంతే."

"నువ్వూ ఇట్లే ఎత్తుకుంటాండావా?"

"నేను ఆ గదిలోకే పోలేదు. నీ బిడ్డను పొట్టన పెట్టుకున్న నోరిది. ఇంకో బిడ్డ దగ్గరికి తీసకపోలేను."

నాగరత్నకు ఆమెను క్షమించాలనిపించలేదు. కానీ గుడ్డను నోటికి అదుముకుని వీధిలోకి పరిగెత్తింది. అంతసేపూ ఆపుకున్న దగ్గంతా ఆ గుడ్డలోకే దగ్గింది.

"నాకు జ్వరముండాది వదినా" అంది అక్కణ్ణుంచే. "మీ కోడల్ని తలుపేసుకోమను."