ఐదో తరగతి టీసీ

"మా చిట్టిని ఫెయిల్ చెయ్యండి సార్," అంది ముసలమ్మ, చేపల గంప బడి గడప బయట దించి.

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో పాస్ చెయ్యమని బతిమాలినవాళ్లనే చూశాను నేను.

"ఐదో తరగతిలో చిట్టే ఫస్టు. ఎందుకు ఫెయిల్ చెయ్యాలి?"

"మన పల్లెలో ఐదు దాకానే గదా సార్. ఆరుకి ఉప్పుటేరు దాటి పోవాల. పడవలన్నీ తెల్లారకముందే వేటకు పోతాయి, బిడ్డను దాటించేదెవరు? ఫెయిలైతే ఇంకో ఏడాదన్నా మీ కాడ కూర్చుంటది."

"ఎవర్నీ ఫెయిల్ చెయ్యకూడదమ్మా. రూలు ఒప్పుకోదు."

నూరు శాతం పాసని పైకి పంపాల్సిన కాగితం నా బల్ల మీదే ఉంది. టీసీ రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. "ఫస్టొచ్చిన పిల్ల. చదువు మాన్పించొద్దు," అని నీతి కూడా చెప్పాను.

టీసీని కొంగున ముడేసుకుని, గంప నెత్తికెత్తుకుంది.

"పోయినేడు దీని అక్కకూ ఇదే చెప్పినారు సార్, ఫస్టొచ్చిందని. ఇప్పుడు షెడ్డులో రొయ్యలు వలిచేదాంట్లో గూడా అదే ఫస్టు."