స్కార్ఫు చాటు గడ్డం

ఆదివారం పొద్దున హరిణి పంజాగుట్ట చౌరస్తాకి ఇవతలే ఆటో దిగిపోయింది. లేజర్ క్లినిక్ ఇంకా కాస్త దూరం ఉంది. అయినా సరే, తను ఎక్కడికి వెళ్తోందో ఆటోవాడికి కూడా తెలియడం ఆమెకి ఇష్టం లేదు.

ముఖానికి స్కార్ఫు, కళ్ళకి నల్లద్దాలు. నగరంలో స్కూటీ నడిపే ఆడపిల్లలందరూ అదే వేషంలో తిరుగుతున్న రోజులు కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు. మరి స్కూటీ ఏదని మాత్రం అడక్కూడదు.

మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి చూసుకుంది. వారమంతా పదిమంది ముఖాల్లోకి చూస్తూ చేసే ఉద్యోగం ఆమెది. వాళ్ళలో ఒక్కరి కంట పడితే చాలు, అమీర్‌పేట అంతా టముకు వేసినట్టే.

రిసెప్షన్‌లో పేరు అడిగితే “వరలక్ష్మి” అంది. అది వాళ్ళ అమ్మమ్మ పేరు.

బెంచీ మీద అప్పటికే ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఒళ్ళో కంప్యూటర్ కోర్సు పుస్తకం, గడ్డం దాకా లాక్కున్న చున్నీ. హరిణి పక్కన కూర్చుందో లేదో మాటలు మొదలుపెట్టింది.

“నొప్పి ఉంటదా అక్కా?”

“రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంటుంది. అంతే.”

ఆ గొంతు విని అమ్మాయి ఒక్క క్షణం ఆమె వంకే చూసింది. తర్వాత తీరిగ్గా బెంచీకి చేరగిలబడింది.

“నా పేరు అర్జూ. మాది సనత్‌నగర్. అమీర్‌పేటల టెస్టింగ్ కోర్సు చేస్తున్న. పోయిన నెల మాదాపూర్ కంపెనీల ఇంటర్వ్యూ ఉండె. పోలే.”

“అదేంటి?”

అర్జూ చున్నీ కొంచెం దించింది. గడ్డం మీద నల్లగా వెంట్రుకలు. “వాళ్ళు నా రెజ్యూమే చూస్తరా, దీన్ని చూస్తరా? మళ్ళ బుధవారం ఇంకోటి ఉంది. గది సుత పోబుద్ధి అయితలేదు.”

“డాక్టరుకి చూపించుకోలేదా?”

“ఎందుకు చూపించుకోలే! అమీర్‌పేటల ఒక డాక్టరమ్మ ఉంది. ముఖం అద్దం లెక్క ఉంటది. పీసీఓడీ అన్నది, హార్మోన్లు అన్నది, బరువు తగ్గాలె, ఓపిక పట్టాలె అన్నది. చీటీ రాసి చేతుల పెట్టింది. నా దిక్కు సరిగ సూడలే సుత. ఓపికంట! పొద్దుగాల్నే అద్దంల గడ్డం సూసుకునేటోళ్ళకు తెలుస్తది ఓపికంటే ఏందో. ఆమెకేం ఎరుక?”

హరిణి నల్లద్దాలు సర్దుకుంది. “ఆవిడ చెప్పింది నిజమే కదా?”

“నిజమే. నిజం చెప్పనీకి గంత విసుగెందుకు అక్కా?”

ఎదురుగా గోడ మీద, పుట్టాక ఒక్క వెంట్రుకా మొలవనట్టున్న మోడల్ ఒకతె నవ్వుతోంది. హరిణి కాసేపు దాన్నే చూసింది. అప్పుడు, అన్నాళ్ళూ ఎవరి ముందూ చేయని పని చేసింది. నల్లద్దాలు అలాగే ఉంచి, స్కార్ఫు మెడ మీదికి లాగేసింది.

లేజర్‌కి వచ్చే ముందు వెంట్రుకలు పీకకూడదు, గీసుకోవచ్చు. నిన్న గీసుకున్న గడ్డం ఇవాళ్టికే నల్లగా, గరుగ్గా తేలింది.

అర్జూ నోరు తెరుచుకుని ఉండిపోయింది. “మీకు సుతనా?”

“ఇంటర్ నుంచీ. హాస్టల్లో అందరికంటే ముందు లేచి, రేజరు పట్టుకుని బాత్రూములో దూరేదాన్ని. చదువుకోడానికి లేస్తోందనుకుని మా వార్డెన్ మిగతావాళ్ళని నన్ను చూపించి తిట్టేది. ఎలాగూ లేచాను కదా అని చదివేదాన్ని. ర్యాంకు కూడా వచ్చింది.”

అర్జూ పగలబడి నవ్వింది. రిసెప్షన్ అమ్మాయి తలెత్తి చూసింది. హరిణికీ నవ్వు ఆగలేదు. అలా గడ్డం కనిపించేలా నవ్వి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు.

“మాత్రలు వాడుతున్నావా?”

“బంద్ చేసిన. కోపంల.”

“కోపం డాక్టరు మీద చూపించు, మాత్రల మీద కాదు. ఈ మిషను ఉన్న వెంట్రుకల్నే కాలుస్తుంది. హార్మోన్లు దారికి రాకపోతే ఒళ్ళు కొత్తవాటిని పంపిస్తూనే ఉంటుంది. రెండూ కావాలి. ఇక బుధవారం అంటావా, శుభ్రంగా గీసుకుని ఇంటర్వ్యూకి వెళ్ళు.”

“గీస్తే మందంగ వస్తయంట కదా?”

“ఉత్తమాట. అదే నిజమైతే ఈపాటికి నాకు జడ వేసుకునేంత ఉండాలి.”

“వరలక్ష్మి గారూ!” నర్సు పిలిచింది. ఎవరూ లేవలేదు. రెండోసారి పిలిచాక హరిణి గబుక్కున లేచింది. అర్జూ పుస్తకం అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

లోపల చురుక్కులన్నీ అయ్యాక, గడ్డానికి ఐసు ఒత్తుకుంటూ హరిణి బయటికొచ్చింది. అర్జూ బెంచీ మీద లేదు. పుస్తకం చంకలో పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది. చున్నీ భుజం మీదికి జారి ఉంది.

“వెళ్ళిపోతున్నావేంటి? ఇక్కడ చూపించుకోవా?”

“లేదక్కా. ఈడ వద్దనుకున్న.”

హరిణి గడ్డం మీంచి ఐసు తీసేసింది. ఇంత చెప్పీ ఏం లాభం? ఆ పిల్ల మళ్ళీ ఇంట్లో కూర్చుంటుంది. బుధవారం కూడా వెళ్ళదు.

“అర్జూ, నా మాట విను. ఇక్కడ కాకపోతే ఇంకోచోట. వైద్యం మాత్రం మానకమ్మా.”

“మానుతలేను,” అంది అర్జూ, ఒక్కో మెట్టే దిగుతూ. “రేపు పొద్దుగాల అమీర్‌పేటల మీ క్లినిక్‌కే వస్తున్న, డాక్టరక్కా!”