ఎదురు ప్రదక్షిణ

"ఆగవే జ్ఞానాంబా! మళ్ళీ ఎదురు తిరగతా ఉండావు!"

సుబ్బులమ్మ పేడతట్ట కింద పెట్టి, పెరటి గోడ మీదుగా మెడ సాచి అరిచింది. అవతల వేపచెట్టు చుట్టూ తిరుగుతున్న జ్ఞానాంబ ఆగలేదు. తల మీద నిండు బిందె. మోకాళ్ళు కొంచెం వంచి, పాదం నేలను తుడుస్తున్నట్టు జరుపుతూ, చూపు చెట్టు మొదలు మీదే నిలిపి నడుస్తోంది. బిందెలో నీళ్ళు చుక్క తొణకడం లేదు.

రోజూ ఇదే వరస. ఇరవై చుట్లు లక్షణంగా కుడికి తిరుగుతుంది. ఆ తర్వాత ఏం బుద్ధి పుడుతుందో, గిరుక్కున మళ్ళి ఇరవై చుట్లు అపసవ్యం.

"మొక్కుకున్నాక సక్రమంగా తిరగాల గదే! ఇట్లా ఎడమకు తిరిగితే వచ్చిన పుణ్యం కూడా పోతాది. రేపు నీ కొడుకు గోదాలో దిగతా ఉండాడు. గుర్తుండాదా?"

"ఉండాదక్కా."

"మరి ఇదేం తిరుగుడు?"

"ఒక పక్కే తిరిగితే సగమేనక్కా."

సుబ్బులమ్మ నెత్తి కొట్టుకుంది. రంగూన్‌లో పదేళ్ళు ఎవరో చీనా తాత ఇంట్లో పాచిపని చేసిన మనిషికి మన ఆచారాలు ఏం తెలుస్తాయిలే అని సరిపెట్టుకుంది. పాపం, యుద్ధంలో రంగూన్ మీద బాంబులు పడ్డప్పుడు మొగుణ్ణి దారిలోనే పోగొట్టుకుని, కొడుకును వెంటబెట్టుకుని, కొండలూ అడవులూ నడిచి కార్వేటినగరం చేరింది జ్ఞానాంబ. ఏడేళ్ళయింది.

ఆ కొడుకే రాజారత్నం. ఇప్పుడు ఇరవై ఏళ్ళవాడు. రంగూన్ నుంచి వింత విద్య పట్టుకొచ్చాడని ఊరంతా చెప్పుకునేది. మామిడితోటలో గుంజ పాతి, దాని చుట్టూ గంటలకొద్దీ నడిచేవాడు. అడిగితే, చీనావాళ్ళ కుస్తీకి ఈ నడకే పునాది అనేవాడు. కుస్తీ నేర్పే గరిడీలో కుర్రకారు వాడికి గానుగెద్దు అని పేరు పెట్టారు. వస్తాదు దేవరాజులు మొహం మీదే నవ్వాడు. నవ్వి ఊరుకున్నా బాగుండేది, పందెం కట్టాడు. రాజారత్నం తనను పడగొడితే గరిడీలో ఆ విద్యకు చోటిస్తాడట. ఓడితే ఆ నడక ఈ ఊళ్ళో ఇంకెప్పుడూ కనపడకూడదట.

ఆ కబురు మోసుకొచ్చింది సుబ్బులమ్మే. ఆ ఒక్కరోజే జ్ఞానాంబ తల మీది బిందె తొణికింది.

మరునాడు పాత కోట ముందు మైదానం కిటకిటలాడింది. గోదా చుట్టూ తాడు కట్టారు. ఆడవాళ్ళు ఆ మన్ను తొక్కకూడదు. తాడుకు ఇవతల జ్ఞానాంబ చేయి పట్టుకుని నిలబడింది సుబ్బులమ్మ.

"గురువు పేరు చెప్పబ్బా" అన్నాడు దేవరాజులు.

గురువు పేరు చెప్పి, నుదుట మన్ను పెట్టుకున్నాకే ఎవరైనా పట్టుకు దిగాలి. ఓడినవాడు గెలిచినవాడి గురువుకు తాంబూలమిచ్చి కాళ్ళకు మొక్కాలి. తాతల నాటి పద్ధతి.

"గెలిచినాక చెబుతానన్నా" అన్నాడు రాజారత్నం. "ఇప్పుడే చెబితే మీరు నన్ను దిగనీరు."

జనం గొల్లుమన్నారు.

"చీనావాడని సిగ్గుపడతా ఉండావా? ఎవరైతే నాకేమబ్బా! నన్ను పడగొట్టు, అందరి ముందరా మొక్కుతా."

"మాట తప్పవు గదా?"

"దేవరాజులు మాట తప్పడు!" తొడ చరిచాడు వస్తాదు.

రాజారత్నం మన్ను నుదుట పెట్టుకున్నాడు. మోకాళ్ళు వంచి, అరచేయి ముందుకు చాచి, దేవరాజులు చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. వస్తాదు మీదికి దూకాడు, గాలి చేతికొచ్చింది. మళ్ళీ దూకాడు. వాడు ఎప్పుడూ మూరెడు దూరంలోనే ఉన్నాడు, చిక్కడం మాత్రం లేదు. వాడి వెంట తిరిగి తిరిగి వస్తాదుకు ఆయాసం ముంచుకొచ్చింది. గానుగెద్దు అని అరిచిన నోళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి.

"గోవిందా అనుకోవే!" అంది సుబ్బులమ్మ. జ్ఞానాంబ పెదాలు అప్పటికే కదులుతున్నాయి. దేవుడి పేరే అయుంటుందని సుబ్బులమ్మ కూడా చేతులు జోడించింది.

అంతలో రాజారత్నం గిరుక్కున ఎడమకు మళ్ళాడు. అంత భారీ మనిషి ఇంకా కుడికే తిరుగుతున్నాడు. రాజారత్నం అరచేయి వస్తాదు భుజానికి తగిలింది, పెద్ద దెబ్బ కూడా కాదు. దేవరాజులు వీపు మొత్తం నేలకు ఆనింది.

పాత కోట గోడలు అదిరేలా ఈలలు, కేకలు. కుర్రకారు రాజారత్నాన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. సుబ్బులమ్మ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. ఆ ఎడమ మలుపును తను ఎక్కడో చూసిందే అనిపించింది గానీ, ఆ సంతోషంలో ఎక్కడో గుర్తురాలేదు.

దేవరాజులు మన్ను దులుపుకుని లేచాడు. మంచి మనిషి, మొహం మాడ్చుకోలేదు. తాంబూలం పళ్ళెం తెప్పించాడు.

"గొప్ప విద్యబ్బా! గరిడీ ఇంక నీది గూడా. చెప్పు, నీ గురువు యాడుండాడు? రంగూన్‌కు పడవెక్కి పోయి మొక్కమన్నా మొక్కుతా."

"అంత దూరం అక్కర్లేదన్నా. ఈడనే ఉండాది. అందరూ రోజూ చూస్తానే ఉండారు."

రాజారత్నం తాడు వైపు తిరిగి చేతులు జోడించాడు. సుబ్బులమ్మ తన పక్కన ఎవరున్నారా అని అటూ ఇటూ చూసింది. తన చేతిలోని చేయి మెల్లగా జారిపోయింది.

జ్ఞానాంబ తాడు పైకెత్తి గోదాలోకి నడిచింది.