జీపు పైకప్పు

“చెప్పులు బయట విప్పు భయ్యా,” అంది కాంత.

రామ్ లాల్ ఒక కాలు జీపులో, ఒక కాలు గడ్డిలో పెట్టి ఆగాడు. ఫిజీ దీవుల్లో, లౌటోకాలో బళ్ల సీట్లు కుట్టే పని అతనిది. జీపు ఎక్కడానికి చెప్పులు విప్పమన్నవాళ్లు ఇంతవరకు లేరు.

“ఇదేమన్నా మందిరమా భౌజీ?” అన్నాడు, వదిన వరస కలిపి.

“విప్పమన్నానా లేదా?”

విప్పాడు. కత్తెర, జిగురు డబ్బా, కొత్త గుడ్డ చుట్ట లోపల పెట్టాడు.

ఆ ల్యాండ్ రోవర్ ద్రాసాలో చెరకు రైలు పట్టాల పక్కన ఉంది. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టారు. పొద్దున్నే కాంత జీపు ఖాళీ చేసి, సామాను తార్పాలిన్ కింద పెట్టింది. ఆమె భర్త నరసింహ పట్టా మీద కూర్చున్నాడు. అది రెండువేల ఒకటి, నవంబరు. వానలు మొదలయ్యాయి.

జీపు పైకప్పు లైనింగ్ ఊడి వేలాడుతోంది. గుడ్డ వెనక ఉన్న ఫోమ్ పొడి అయిపోయింది. వేలు తగిలితే రాలుతోంది. ఆ పొడికి మనవరాలు శోభన జూన్ నుంచి దగ్గుతోంది. పిల్ల తల్లికి నాందీలో హోటల్ పని. పిల్ల వీళ్ల దగ్గరే ఉంటుంది. పొడి పోతే తప్ప దగ్గు పోదని, మందులు మార్చి లాభం లేదని డాక్టర్ చెప్పాడు. ఊపిరితిత్తులు పాడవుతాయని కూడా చెప్పాడు. పిల్ల నటబువాలో బడికి వెళ్లింది. సాయంత్రం బస్సు దిగేలోగా పని అయిపోవాలని కాంత పట్టు.

రామ్ లాల్ కత్తితో అంచు కోశాడు. పాత లైనింగ్ తల మీద పడింది. తుమ్మాడు. మళ్లీ తుమ్మాడు.

“భౌజీ, ఒక మాట. పిల్లని జీపు ఎక్కించడం మానేస్తే పోయేది కదా? బస్సులో తిప్పండి. ఈ ఖర్చెందుకు?”

కాంత చేతిలో చీపురు ఉంది. దాంతో జీపు తలుపు మీద కొట్టింది.

“నిన్ను పిలిచింది గుడ్డ వెయ్యడానికి. బుద్ధి చెప్పడానికి కాదు.”

“మీ మంచికే...”

“మా మంచి చెప్పేవాళ్లు ఈ ఏడు చాలామంది అయ్యారు. పని చూడు.”

భర్త వైపు తిరిగింది. మామూలుగా ఆమె మాట్లాడేది ఫిజీ హిందీ. కోపం ముదిరితే తెలుగు వస్తుంది. అది అవ్వ మంగమ్మ నేర్పిన తెలుగు. సగం తిట్లే.

“నువ్వేం మొగోడివి! జూన్ నుంచి చెప్తా ఉండా, పొడి పడతా ఉంది, పొడి పడతా ఉంది అని. రోజూ ఆ మత్తు నగోనా గిన్నె ముందర కూర్చుంటావు. తాగేది, తూగేది. పిల్లకి ఊపిరి ఆగితే అప్పుడు లేస్తావా?”

నరసింహ కంకర రాయి తీసి పట్టాకేసి కొట్టాడు.

రామ్ లాల్‌కు తెలుగు రాదు. తిట్లని మాత్రం తెలిసింది. నవ్వాడు.

నరసింహ లేచి వచ్చాడు. “ఎందుకు నవ్వుతున్నావ్?”

“నవ్వక? పైన గుడ్డ కోసం మొగుడూ పెళ్లాం కొట్టుకుంటున్నారు. కింద చూస్తే చక్రాలు తుప్పు. అరే యార్, ముందు బండి నడవాలి. సింగారం తర్వాత.”

“సింగారమా?” నరసింహ అతని కాలర్ పట్టుకున్నాడు. “ఇంకోసారి అను.”

రామ్ లాల్ విదిలించుకున్నాడు. కత్తెర సంచిలో పడేశాడు. “ఇంకెవడినైనా పిలుచుకో. నేను పోతున్నా.”

సముద్రం వైపు మబ్బు పట్టింది. జీపు లోపల రేకు బయటపడి ఉంది. కాంత తలుపుకు అడ్డంగా నిలబడింది.

“పోతే పో. ఆ పాతది ఎట్లా ఉందో అట్లా అతికించి పో.”

పాతది ముక్కలై గడ్డిలో పడి ఉంది. రామ్ లాల్ దాన్ని చూశాడు. ఆమెను చూశాడు. సంచి మళ్లీ విప్పాడు.

తర్వాత రామ్ లాల్ పొడి అంతా గీకాడు. కప్పు కింద బిగించే అట్టకు గుడ్డ అతికించాడు. నరసింహ ఒక అంచు ఎత్తి పట్టాడు, అతని మొహం చూడకుండా. కాంత చెప్పులు విప్పి లోపలికి ఎక్కింది. వెల్లకిలా పడుకుని పైకి చూసింది.

“ఇక్కడ ముడత ఉంది.”

“ముడత ఎవరు చూస్తారు భౌజీ?”

“పిల్ల చూస్తుంది.”

అతను ఏదో అనబోయాడు. చీపురు గుర్తొచ్చింది. గుడ్డ పీకి, లాగి, మళ్లీ అతికించాడు.

పని పూర్తయ్యింది. వాన ఇంకా పడలేదు. రామ్ లాల్ నడుం నిటారు చేసుకున్నాడు. అతని కోపం తగ్గింది. చెరకు తోట అవతల ఆకుపచ్చ తలుపుల ఇల్లు కనిపించింది. పదిహేనేళ్ల కిందట ఈ జీపుకు ఆ పాత లైనింగ్ వేసింది అతనే, ఆ ఇంటి వాకిట్లోనే. ఆ రోజు కాంత అతనికి రొటీ, పప్పు పెట్టింది. ఇప్పుడు ఆ ఇంటి వెనక పొగ లేస్తోంది.

“నరసింహా, కాలర్ సంగతి మర్చిపోయాన్లే,” అన్నాడు. “ఇంట్లో ఎవరో పొయ్యి రాజేసినట్టున్నారు. పొద్దున్నుంచి గొంతులో పొడే. పదండి, ఇంటికెళ్లి టీ తాగుదాం.”

చెప్పుల కోసం వంగాడు.

నరసింహ పట్టాల వైపు తిరిగాడు. కాంత తార్పాలిన్ ఎత్తి, టీ గిన్నె బయటికి లాగింది.

“ఆ ఇల్లు పొలం లీజు ముగిసి, పొలంతో పాటే జూన్‌లో పోయింది భయ్యా, పొద్దున్నుంచి నువ్వు కూర్చున్నదే మా ఇల్లు.”