వదలని జిడ్డు

"ఇవాళ కూడా వాసన కొడుతోంది," అంటూ టైలరమ్మ బావినీళ్ళు నింపిన ముదురురంగు సీసాకి మూత బిగించి గోడ మీదుగా అందించింది. "నీ సబ్బుకి నురగెక్కువ, పని తక్కువ."

అతను తల గోక్కున్నాడు. ఏళ్ళ తరబడి నూనెల మధ్య పనిచేసి అతని ముక్కు ఎప్పుడో మొద్దుబారింది. వాసన సంగతిలో ఆవిడ మాటే అతనికి దిక్కు.

మూతపడిన పెట్రోలు బంకులో, భూమి లోపలి ట్యాంకు కారి చుట్టుపక్కల మట్టీ నీళ్ళూ పాడయ్యాయి. వాటిని కడగమని కంపెనీ అతన్ని పంపింది. ఒకవైపు బోర్లలోకి సబ్బులాంటి మందునీళ్ళు ఎక్కించాలి. మట్టిని పట్టుకున్న జిడ్డు వాటితో కలిసి కదిలితే అవతలి బోర్లలోంచి తోడెయ్యాలి. వీధివాళ్ళు సబ్బాయన అని పేరు పెట్టారు గానీ పలకరించింది లేదు. పంపు పక్కన రేకుల షెడ్డులోనే వంట, పడక. ఇంటికి ఫోను చేద్దామన్నా ఎత్తే మనిషి లేదు.

గోడవతల ఆవిడా ఒంటరే. మిషను ఆగితే ఆ ఇంట్లో ఇంకో చప్పుడుండదు. తన బావి నీళ్ళు తనే తోడి, సీసా నింపి, నాలుగు చీవాట్లతో కలిపి ఇచ్చేది. ఆ చీవాట్ల కోసం అతను పొద్దున్నే గడ్డం గీసుకుని గోడ దగ్గర నిలబడేవాడు. తర్వాత సీసా షెడ్డులోకి తీసుకెళ్ళి, సీలు వేసి ల్యాబుకి పంపేవాడు.

బోర్లన్నీ తేరుకున్నాయి. ఆ బావి ఒక్కటే మొండికేసింది. అదీ బాగుపడితే మూటాముల్లె సర్దుకుని ఇంకో ఊరి జిడ్డు కడగడానికి పోవాలి. ఆ మాట తలచుకుంటేనే అతని గుండె కలుక్కుమనేది.

"బాగైతే వెళ్ళిపోతావా?" అని ఆవిడ ఒకసారి అడిగింది.

"ఉండమనేవాళ్ళెవరున్నారు టైలరమ్మగారూ."

ఆవిడ గిరుక్కున తిరిగి లోపలికి పోయింది.

ఇవాళ్టి సీసా పంపాక, మధ్యాహ్నం సూపర్‌వైజరు ఫోను చేశాడు. మొండి బావి సంగతి తేల్చమని ల్యాబువాళ్ళ చేత మళ్ళీ పరీక్ష చేయించాడట.

"పెట్రోలు ఎప్పుడో పోయిందయ్యా. ఇప్పుడున్నవి వేరే నూనెలు, రెండు రకాలు. ఒకటి కుట్టుమిషనుకి వేసేది."

అతను గోడ వైపు చూశాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగానే, ఈ ఊరొచ్చాక మొదటిసారి గట్టిగా నవ్వాడు.

రెండోది ఎక్కడిదో మాత్రం అంతుపట్టడం లేదని సూపర్‌వైజరు విసుక్కుంటున్నాడు.

అది అతను కలిపిన పంపు నూనె.